ఆరో గీత

జూలై ఒకటి. సాయంత్రం ఐదింటిదాకా
మనసు మార్చుకోవచ్చు.
ఆ గడువుకి మా దేశంలో పేరే అది, మనసు మార్పు.
నుదుటిరాతకి గడువుండదు,
దీనికుంది, గంటా నిమిషంతో సహా.

పది గీతలు.
మొదటి ఐదింట్లో ఒకటే చదువు, వైద్యం:
గాల్వే, కార్క్, ఆపైన డబ్లిన్‌లో మూడు.
ఐదు తలుపులు,
తట్టడానికి ఒకే పిడికిలి.

బళ్లో లావెల్ సారు జనవరిలోనే చెప్పాడు:
"వస్తుందనుకున్నది కాదు, కావాలనుకున్నది రాయండి.
పై గీతకి అద్దె లేదు.
ఆశని అక్కడ ఎన్నాళ్లు కూర్చోబెట్టినా
ఎవరూ లేవమనరు.
కింది గీతలే జాగ్రత్త.
పడితే పడేది వాటిమీదే."
బోర్డు మీద నిచ్చెన గీశాడు, కొంచెం వంకరగా.
వెనక బెంచీలోంచి ఓషీన్
"నిచ్చెనే విరిగితే, సార్?" అన్నాడు.
అందరం నవ్వాం. సారు నవ్వలేదు.

పోయిన వారం ప్రవేశపరీక్ష ఫలితం వచ్చింది.
మీకు అంకె చెప్పను.
నాన్నకి చెప్పాను.
"ఎంతకి?" అన్నాడు, పీతల ధర అడిగినట్టు.
మూడొందలకి, అన్నాను.
బుట్ట తాడుకి ముడి వేస్తూ వేస్తూ
చాలాసేపటికి, "సముద్రమూ అంతే" అన్నాడు.
ఏది అంతేనో చెప్పలేదు.

నాలుగున్నర.
వంటింటి బల్లమీద ల్యాప్‌టాప్,
పక్కన సగం కొరికిన రొట్టె.
బయట అట్లాంటిక్ గాలికి
తీగ మీది దుప్పట్లు టపటపలాడుతున్నాయి.
రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న అమ్మ
అప్పుడే లేచింది, జుట్టు ఒక పక్కకి అణిగిపోయి.
కాసిల్‌బార్ ఆసుపత్రిలో నర్సు.
నా వయసంత సర్వీసు.
నా భుజం మీంచి వంగి చదువుతోంది,
కళ్లజోడు నెత్తిమీదే మరిచిపోయి.

అప్పుడు గుర్తొచ్చింది
ఆరో గీతలో ఏం రాశానో.

నర్సింగ్, కాసిల్‌బార్.

పోనుపోను గంటంపావు కారు ప్రయాణం,
తెల్లవారుజామున షూ విప్పితే
సాక్సు అచ్చు దిగిన చీలమండలు,
క్రిస్మస్ రోజు కూడా చల్లారిపోయిన ఆమె ప్లేటు,
అన్నీ కలిపి నేనిచ్చిన ర్యాంకు, ఆరు.

అరచేత్తో తెర మూయబోయాను.
అమ్మ నా చెయ్యి పక్కకి జరిపింది,
మంచమ్మీద రోగి చెయ్యి జరిపినట్టు, నొప్పి లేకుండా.
"ఇది నా మొదటి గీత" అంది.
కోపమేమీ లేదు గొంతులో.
కెటిల్ స్విచ్ నొక్కింది.

నేను దాన్ని పైకి లాగబోయాను.
ఐదుకి. నాలుగుకి.
"దెర్వ్లా, ఉన్నచోట ఉంచు" అంది, వెనక్కి తిరక్కుండానే.
"జాలిపడి వచ్చినవాళ్లని చూశాను వార్డులో.
రెండో చలికాలానికి ఉండరు."

టీ కప్పులో చెంచా తిప్పుతూ ఇంకా ఏదో అనబోయి
కిటికీలోకి చూసి, "వాన" అని
బుట్ట పట్టుకుని బయటికి పరిగెత్తింది.

నాలుగూ యాభై ఒకటి.
ఏడు రేడియోగ్రఫీ, ఎనిమిది పోషకాహారం,
తొమ్మిది జీవరసాయనం,
పది సముద్రశాస్త్రం, గీత ఖాళీగా వదలకూడదని రాసింది.
ఒక్కొక్కటే తీసేశాను.
తీసేయడానికి ఇంత ధైర్యం కావాలని
లావెల్ సారు చెప్పలేదు.
ఇప్పుడు ఆరు కింద ఏమీ లేదు.
పడితే అక్కడే పడతాను.

పంపేశాను.
"దుప్పటి కొస పట్టుకో!" అని అరుస్తోంది అమ్మ.
వెళ్లి పట్టుకున్నాను.
తడి దుప్పటికి అటువైపు ఆమె, ఇటువైపు నేను,
దగ్గరికొచ్చినప్పుడల్లా ఒక మడత.
చివర మూలల్ని ఏదో ఒడుపుగా లోపలికి తోసింది,
ఆసుపత్రి మడత.
ఎలా అని అడిగాను.
మళ్లీ విప్పింది.